కాటన్ దొర లెక్కలు మన మెట్టోళ్లకీ కావాలి

మే 15 వచ్చిందంటే డెల్టా ఊళ్లలో కాటన్ దొర విగ్రహాలకి దండలు పడతాయి. మన జంగారెడ్డిగూడెం వైపు ఆ హడావుడి అంత ఉండదు. ఎందుకుంటది? ఆయన తవ్వించిన కాలవ మన మెట్ట ఎక్కలేదు గదా. అయినా సరే, ఈ మనిషి కథ డెల్టా కుర్రోళ్ల కన్నా మనకే ఎక్కువ పనికొస్తది. ఆనకట్టకి వేసిన రాయి గురించి అందరూ చెప్తారు. రాయి వేసే ముందు ఆయన పట్టిన కొలత గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఈరోజు చెప్పుకోవాల్సింది దాని గురించే.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టాడు. ఇంట్లో పదో కొడుకు. 15 ఏళ్లకే ఈస్టిండియా కంపెనీ వాళ్ల మిలిటరీ బడిలో చేరాడు. 1821లో, 18 ఏళ్ల వయసులో, మద్రాసులో దిగాడు. మీలో చాలామంది డిగ్రీలో చేరే వయసది. చెరువుల పనులు చూశాడు, పాంబన్ దగ్గర సముద్రంలో ఓడల దారి సర్వే చేశాడు, బర్మా యుద్ధానికీ వెళ్లొచ్చాడు.

ఆయనకి అసలు చదువు దొరికింది మాత్రం కావేరి ఒడ్డున. అక్కడ చోళుల కాలం నాటి కల్లణై ఉంది. గట్టి రాతి పునాది లేకుండా, నది ఇసకలోనే రాళ్లు దింపి కట్టిన కట్ట. వందల ఏళ్లుగా నిలబడే ఉంది. ఇసక మీద కట్టకూడదని పుస్తకాలు చెప్తుంటే, కట్టొచ్చని మన పాతకాలపు మేస్త్రీలు చేసి చూపించారు. కాటన్ ఆ పని నేర్చుకున్నాడు, వాళ్ల దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు కూడా. అప్పటికి కావేరి నీళ్లు కొల్లడం పాయలోకి జారిపోయి తంజావూరు పొలాలు ఎండుతున్నాయి. 1836లో కొల్లడం మీద రెండు ఆనకట్టలు కట్టి ఆ నీళ్లని మళ్లీ దారికి తెచ్చాడు.

ఇక మన గోదారి సంగతి. 1832–33లో నందన కరువు వచ్చింది. గుంటూరు వైపు దాన్నే డొక్కల కరువు అన్నారు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగిని తుడిచేసింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు. 1841కి అది 5 లక్షల 61 వేలకి పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు వలసపోయారు. ఆ పక్కనే గోదారి నిండుగా పారి సముద్రంలో కలిసిపోతోంది.

కాటన్ డెల్టా అంతా తిరిగాడు. నేల మట్టాలు తీయించాడు. డెల్టాకి ఒక గుణముంది. నది ఏటేటా ఒండ్రు పోసుకుంటా తన గట్లని తానే ఎత్తు చేసుకుంటది. గట్టు నుంచి దూరం పోయే కొద్దీ నేల పల్లమవుతది. అంటే డెల్టా తలకాయ దగ్గర నీళ్లని కాస్త ఎత్తితే చాలు, మిగతా దూరమంతా వాటంతట అవే పారతాయి. మోటారు అక్కర్లేదు. ఆ తలకాయే ధవళేశ్వరం. అక్కడ నది వెడల్పు ఎక్కువ కాబట్టి వరద జోరు తగ్గుతది. మధ్యలో లంకలున్నాయి కాబట్టి కట్టని నాలుగు ముక్కలు చేసుకోవచ్చు. రాయి పక్కనే కొండలో దొరుకుతది.

1844లో ఈ లెక్కంతా మద్రాసు ప్రభుత్వం ముందు పెట్టాడు. కంపెనీ వాళ్లు జాలిపడి డబ్బివ్వరని ఆయనకి తెలుసు. అందుకే నీళ్లిస్తే శిస్తు ఎంత పెరుగుతదో, ఇవ్వకపోతే ఎంత పోతదో అంకెల్లో చూపించాడు. కాటన్ దేవుడేం కాదు, కంపెనీ జీతగాడు. నీళ్లతోపాటు నీటి పన్నూ వచ్చింది. ఇది మర్చిపోకూడదు.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం కొండ రాయి, వేలమంది కూలోళ్ల చెమట, మనోడు వీణం వీరన్న పెత్తనం, ఇవన్నీ కలిసి 1852కి 12 అడుగుల ఎత్తు ఆనకట్ట లేచింది. మధ్యలో కాటన్‌కి జబ్బు చేసినా పని ఆగలేదు. ఈరోజు ఆ నీటి కింద దాదాపు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి.

ఇంతవరకూ గెలుపు కథ. విగ్రహాల దగ్గర చెప్పనిది ఇంకోటుంది. కాటన్ సలహా మీద ఒక ప్రైవేటు కంపెనీ తుంగభద్ర నీళ్లతో కర్నూలు–కడప కాలవ తవ్వింది. రైతులు ఎగబడి నీళ్లు తీసుకుంటారని అంచనా. నల్లరేగడి రైతులు పెద్దగా తీసుకోలేదు. ఆ నేలలో మెట్ట పంటకి అంత నీరు అక్కర్లేదు, డబ్బు కట్టి కొనుక్కునే ఓపికా లేదు. కంపెనీ నష్టపోయి, చివరికి 1882లో కాలవ ప్రభుత్వం చేతికొచ్చింది. ఎగువ గోదారిలో పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర మొదలెట్టిన పని కూడా మధ్యలోనే ఆగింది. 1878లో లండన్ పార్లమెంటు కమిటీ ఆయన్ని కూర్చోబెట్టి గట్టిగా నిలదీసింది. అప్పటికి ఆయనకి 75 ఏళ్లు. రైళ్ల కన్నా కాలవలే మేలని అక్కడ కూడా వాదించాడు. 1899 జూలైలో, 96 ఏళ్ల వయసులో పోయాడు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. డెల్టాలో నది లెక్క, నేల లెక్క, రైతు అవసరం మూడూ కలిశాయి. కర్నూలు–కడప కాలవలో నీటి లెక్క ఉంది గానీ, నీళ్లు వాడుకోవాల్సిన మనిషి అందులో సరిగ్గా లేడు.

ఇప్పుడు అదే పని కంప్యూటర్లు చేస్తున్నాయి. పైన ఎంత వాన పడింది, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎంత తెస్తున్నాయి, అది భద్రాచలానికి ఎప్పుడు చేరుతది, ధవళేశ్వరానికి ఎప్పుడు దిగుతది అని మోడల్ కట్టి ముందే చెప్తున్నారు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నది ఒక్క రాష్ట్రానిది కాదు. 1980లో బచావత్ ట్రిబ్యునల్ ఐదు రాష్ట్రాల మధ్య గోదారి పంచాయితీ తేల్చింది కూడా లెక్కల మీదే.

లెక్క మారితే ఊరి రాత మారుతది. పోలవరం స్పిల్‌వేని మొదట 36 లక్షల క్యూసెక్కులకి అనుకున్నారు, తర్వాత 50 లక్షలకి పెంచారు. అంత వరద వస్తే వెనక్కి ఎంత దూరం నీళ్లు తన్నుతాయన్నదాని మీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ సుప్రీంకోర్టులో వాదిస్తున్నాయి. అది మోడల్ మీద తగాదా. కానీ ఆ గీత పడేది మన పక్కనున్న కుక్కునూరు, వేలేరుపాడు ఇళ్ల మీద. 41.15 మీటర్ల కాంటూరు లోపలుంటే ముందు పరిహారం, బయటుంటే ఆగాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. గీత బయట అని పక్కనపెట్టిన ఊళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. ఆ తర్వాత లేజరుతో మళ్లీ సర్వే చేస్తే ఇంకొన్ని ఊళ్లు గీత లోపలికొచ్చాయి. మరి మొదటి లెక్కలో వాళ్లెందుకు లేరు? ఈ ప్రశ్న ఇంజనీర్లకే వదిలేద్దామా?

కాటన్ కాలంలో లెక్కలు దొర పుస్తకంలో ఉండేవి. ఇప్పుడు కేంద్ర జల సంఘం వరద మట్టాలు, రాష్ట్ర జలవనరుల సైట్‌లో రిజర్వాయర్ల, భూగర్భ జలాల అంకెలు మీ ఫోన్లోనే చూడొచ్చు. కొంగువారిగూడెం దగ్గర ఎర్రకాలువ రిజర్వాయర్‌లో నీరెంతుందో, మన బోర్లు ఎంత లోతుకి పోయాయో చూసి రాసి పెట్టుకోండి. వరదొచ్చినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో బడి గోడ మీద గీత గీసి తేదీ వేయండి. ఫొటో తీయండి. చింతలపూడి ఎత్తిపోతల మీద గ్రామసభ పెడితే ఏ ఊరికి, ఏ నెలలో, ఎన్ని రోజులు నీళ్లొస్తాయో అంకెల్లో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.

ఊరు గోడ మీదున్న గీతకీ, ఆఫీసు మ్యాపులో ఉన్న గీతకీ తేడా వస్తే, ఏది తప్పో వాళ్లు వచ్చి మన ముందు తేల్చాలి.