తిరుమంగై యాళ్వారు – తిరుప్పిరిది యాత్ర

పన్నిద్దరాళ్వారులలో తిరుమంగై యాళ్వారు కడపటివారు. చోళదేశమందలి తిరుక్కురైయలూరున, కార్తిక మాసమున కృత్తికా నక్షత్రమునాడు, శ్రీహరి శార్ఙ్గధనురంశమున వీరవతరించిరని గురుపరంపర వలన తెలియుచున్నది. క్రీ.శ. 8వ శతాబ్దివారని చరిత్రకారులలో పలువురి యభిప్రాయము. తొలినామము నీలుడు. చోళరాజు కొలువున సేనానియై, శత్రువులకు కాలుని వంటివారగుటచే పరకాలులని పేరొందిరి.

కుముదవల్లి యను సాధ్వి వీరిని వరించుటకు రెండు నియమములు విధించెను. పంచసంస్కారములు పొందవలెను; ఒక యేడాది ప్రతిదినము 1,008 మంది శ్రీవైష్ణవులకు అన్నము పెట్టవలెను. వీరు సమ్మతించిరి. క్రమముగా స్వధనము తరిగెను. రాజునకు చెల్లింపవలసిన కప్పమును వ్యయమయ్యెను. తుదకు దారిదోపిడికిని వెనుదీయరైరి. భాగవతుల ఆకలి తీర్చుటకే యైనను చౌర్యము చౌర్యమే. ఆ కళంకమును తుడువ స్వామియే పూనుకొనెను. శ్రియఃపతి పెండ్లికొడుకు వేషమున దేవేరితో ఆ దారిని వచ్చి, నగలన్నియు ఒలిచి యిచ్చెను. మూట కదలలేదు. మంత్రము వేసినాడని కత్తి దూసి గద్దించిన ఆ దొంగ చెవిలో స్వామి అష్టాక్షరిని ఉపదేశించెను.

అటుపిమ్మట వెలువడినదే పెరియ తిరుమొళి. తొలి దశకము నారాయణనామ వైభవము. రెండవ దశకమునకు కావేరీతీరమందలి కోవెల ఏదియు విషయము కాలేదు. హిమగిరియందలి తిరుప్పిరిదికి పొమ్మని ఆళ్వారు తమ మనస్సునే హెచ్చరించిరి.

తిరుప్పిరిది నేటి జోషీమఠమని పెద్దల నిర్ణయము. అలకనందా లోయపైన, 6,000 అడుగులకు మించిన ఎత్తున నున్న ఊరిది. నరసింహస్వామి, వాసుదేవస్వామి ఆలయము లిచట సేవింపదగినవి. చుట్టును మంచుకొండలు, దిగువ విష్ణుప్రయాగలో ధౌలీనది అలకనందతో కలియును. ఇచటి నుండి బదరి సుమారు 45 కిలోమీటర్లు. శీతకాలమున బదరీ ఆలయము మూయబడినపుడు శంకరాచార్యుల గద్దె ఈ నరసింహాలయమునకే వేంచేయును.

ఆ పిమ్మటి రెండు దశకములును బదరికాశ్రమమునకే అంకితములు. నారాయణుడు నరునకు తిరుమంత్రము నుపదేశించిన చోటు బదరి యని సంప్రదాయము. దొంగగా నుండి మంత్రము పొందినవారు మంత్రము పుట్టినింటికి మొదట మనస్సు మరల్చుట సహజమే కదా! వార్ధక్యమున కఱ్ఱ యూతగొని, రొప్పుచు, మాట తడబడు దినములు రాకమునుపే బదరిని సేవింపుడని ఆళ్వారు బోధించిరి. రేపటికని వాయిదా వేయువారికి ఇది చాలిన హితవు. కొండయైనను కదలకుండునను భరోసా లేదు. 2023 జనవరిలో జోషీమఠమున భూమి క్రుంగి, ఇండ్లు బీటలువారి, ఎన్నియో కుటుంబములు ఇల్లు విడువవలసివచ్చెను.

అయినను కాళ్లు సాగనివారు నిరాశ చెందనక్కఱలేదు. తిరుప్పిరిదికి పొమ్మని ఆళ్వారు ఆజ్ఞాపించినది మనస్సును. దానికి ముసలితనము లేదు. బదరి పిమ్మట ఆ దివ్యసూరి వాక్కు సాలగ్రామము, నైమిశారణ్యము మీదుగా మన అహోబలమునకు, అచటినుండి తిరుమలకు దిగివచ్చెను. ఇంట కూర్చుండి ఆ దశకములను వరుసగా అనుసంధించు వృద్ధులకును ఆ యాత్ర లభించును.