పానగల్ రాజావారి పక్షధర్మము

మన పులికాట్ సరస్సునకు పడమట నున్న శ్రీకాళహస్తిలో, వెలమ కులమున, 1866 జూలై 9వ తేదీన రాజా పానగంటి రామారాయణింగారు జన్మించిరి. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతము నభ్యసించి పట్టభద్రులై, పిమ్మట ఎం.ఏ. పరీక్షయందును గృతార్థులైరి. 1912లో భూస్వాముల ప్రతినిధిగా సామ్రాజ్య శాసనసభలో బ్రవేశించిరి. వారి జీవితమున రాజకీయ పక్షమునకు సంబంధించిన భాగమునే యిచట ముచ్చటింప నెంచితిమి.

పిట్టి త్యాగరాయ శెట్టి, డాక్టరు నాయరు మున్నగు పెద్దలు 1916లో నెలకొల్పిన సంఘమే జస్టిస్ పార్టీ యని వాసికెక్కినది. 1920 ఎన్నికలను కాంగ్రెసువారు బహిష్కరించుటచే నీ పక్షమునకు మద్రాసు శాసనసభలో నాధిక్యము లభించెను. ప్రథమమంత్రి సుబ్బరాయలు రెడ్డియారుగారు అస్వస్థులై తొలగగా, 1921 జూలైలో రాజావారా పదవి నధిష్ఠించిరి.

నాటి ద్వంద్వపాలనమున రెవిన్యూ, పోలీసు శాఖలు గవర్నరు సలహాసభ్యుల వశమున నుండెను. విద్య, వైద్యము, స్థానిక పరిపాలనము మున్నగునవి మంత్రులకు దక్కెను. సభలో గట్టుగా నిలుచు పక్షము లేని మంత్రి గవర్నరు చెప్పుచేతలలోని వాడగుట తథ్యము. రాజావారీ మర్మము నెరింగినవారు.

అయినను పక్షమున గలతలు రాకపోలేదు. మంత్రిపదవులన్నియు దెలుగువారికే దక్కెనని తమిళ సభ్యులు నొచ్చుకొనిరి. 1923 ఎన్నికల పిమ్మట శివజ్ఞానం పిళ్లైగారిని మంత్రివర్గమున జేర్చుకొనిరి. ఆదిద్రావిడ నాయకులగు ఎం.సి. రాజాగారు పక్షమును వీడిరి. మన చిత్తూరు సీమవారే యగు కట్టమంచి రామలింగారెడ్డిగారు ఎదురు తిరిగి, ఆ నవంబరులో నవిశ్వాస తీర్మానమును నడపిరి. అది వీగిపోయెను. మంత్రివర్గము నిలిచినందువలననే 1925లో దేవాదాయ చట్టము సభ నామోదము బడసెను. 1926లో నాంధ్ర విశ్వవిద్యాలయ మవతరించెను. దాని ప్రథమ ఉపాధ్యక్షులు మరెవరో కారు, ఆ రెడ్డిగారే! రాజకీయ వైరము విద్యాకార్యమున కడ్డు రాలేదు.

1926 ఎన్నికలలో రాజావారి పక్షమోడెను. అధిక స్థానములు గెలిచిన స్వరాజ్య పక్షమువారు పదవి నొల్లరైరి. అంతట డాక్టరు సుబ్బరాయన్ గారు పక్షబలము లేకయే, గవర్నరు ప్రాపున, మంత్రివర్గము నేర్పరచిరి. రాజావారు పదవి వీడి విపక్షమున గూర్చుండిరి; 1928 డిసెంబరు 16న స్వర్గస్థులైరి.

రాజావారు మనవారని గర్వించుట సహజమే. కాని వారి నధికారమున నిలిపినది యొక కులము గాదు, పెక్కు కులములవారు గలిసిన పక్షము. నొచ్చినవారి మొర వినినంత కాలమే యే పక్షమైనను నిలుచును. ఓడినపుడు పదవి విడుచుటయు, విపక్షమున నుండి ప్రశ్నించుటయు బ్రజాపాలనమున భాగములే. నాడు ఆస్తిగల కొలదిమందికే యోటుండెను. నేడు వయస్సు వచ్చిన ప్రతివారికి నున్నది. కావున నీ ధర్మభార మిపుడు మనయందరి భుజములపై నున్నదని సోదరులకు మనవి చేయుచున్నాము.