ఫ్రెడీ మెర్క్యురీ: గానము, ధర్మము

ఫ్రెడీ మెర్క్యురీ యను పేర లోకము కొనియాడిన ఆంగ్ల గాయకుడు వంశముచేత ఆంగ్లేయుడు కాడు; ఫరోఖ్ బుల్సారా యను పార్సీ. ఆతడు మరణించి మూడు దశాబ్దములు దాటినను ఆతని కంఠము మూగవోలేదు. ఆ కంఠమును పొగడువారు పెక్కురు గలరు. కాని ఆతని జీవితమున పొగడ్తలచే మరుగుపడిన ప్రశ్న యొకటి కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ఆతడు 1946 సెప్టెంబరు 5వ తేదీన జాంజిబారు ద్వీపమున జన్మించెను. తలిదండ్రులు గుజరాతునుండి వలసపోయినవారు. తండ్రి బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయమున నగదు గుమాస్తా. ఎనిమిదవ యేట బాలుని బొంబాయి రాష్ట్రమునందలి పంచగని పాఠశాలకు పంపిరి. ఆతడు పియానో నభ్యసించి తోడి బాలురతో మేళము కట్టినది మన గడ్డపైననే. 1964లో జాంజిబారున విప్లవము చెలరేగగా ఆ కుటుంబము ఇంగ్లండు చేరెను. ఈలింగు కళాశాలలో చిత్రకళ నేర్చి, 1970లో బ్రయన్ మే, రోజర్ టేలరులతో గూడి క్వీన్ మేళమును స్థాపించెను. మరుసటి యేడు జాన్ డీకన్ వారితో చేరెను. 1975లో బొహీమియన్ రాప్సొడీ యను పాట బ్రిటనులో తొమ్మిది వారములు ప్రథమస్థానమున నిలిచెను. 1981లో బ్రెజిలున ఒక్కరాత్రి లక్షమందికి పైగా ఆతని పాట వినవచ్చిరి.

ఇంతటి కీర్తి గడించిన మేళము 1984 అక్టోబరులో దక్షిణాఫ్రికాకు పోయి, సన్ సిటీ విలాసనగరమున పాడెను. అది నల్లవారిని స్వదేశముననే పరదేశీయులను గావించుటకు తెల్లదొరతనము కల్పించిన బొఫుతత్స్వానాలోనిది. కళాకారు లచ్చట ప్రదర్శనము లీయరాదని ఐక్యరాజ్యసమితి 1980లోనే కోరియుండెను. తాము రాజకీయములకు అతీతులమని మేళమువారు సమాధానము చెప్పుకొనిరి. ఒక పాఠశాలకు విరాళ మిచ్చిరి. బ్రిటిషు సంగీతకారుల సంఘము వారికి జరిమానా విధించెను. సమితి వారిని బహిష్కృతుల పట్టికలో చేర్చెను. ఆ నిర్ణయము నలుగురిది; ఒక్కనిపై నెపము మోపము. కాని వర్ణవివక్ష కారణముగా భారతదేశము దక్షిణాఫ్రికాతో వాణిజ్యమును త్రెంచుకొన్నది 1946లో, ఆతడు పుట్టిన యేటనే. గాంధీమహాత్ముడు సత్యాగ్రహమునకు ఊపిరి పోసిన నేలపై భారతసంతతివాడు ఆ నాట్యశాలకు వన్నె తెచ్చుట మాకు వ్యథ కలిగించును.

తొమ్మిది నెలలు తిరిగెను. 1985 జులై 13న ఇథియోపియా క్షామబాధితుల సహాయార్థము లండను వెంబ్లీ మైదానమున మహాసభ జరిగెను. సుమారు 20 నిమిషములు ఆతడు పాడగా 72 వేలమంది ఒక్క గొంతుకతో బదులు పలికిరి. గానమునకు లోకుల యార్తితో సంబంధము లేదను వాదమునకు ఆతని గానమే ఖండనము.

1986 ఆగస్టు 9న నెబ్‌వర్తులో జరిగినది మేళముతో ఆతని కడపటి కచేరి. మరుసటి యేడు ఎయిడ్సు వ్యాధి సోకినట్లు తెలిసినను పని మానలేదు. స్పెయిను గాయని మొంసెరా కబాలియేతో కలసి బార్సిలోనా గీతములు పాడెను. 1991 నవంబరు 23న తన వ్యాధిని లోకమునకు వెల్లడించి, మరునాడే 45వ యేట కన్నుమూసెను. పార్సీ పురోహితులు అంత్యక్రియలు జరిపిరి.

ఆ ధైర్యమునకు మేము శిరసు వంతుము. కాని సన్ సిటీని మరువము. కళ కంతటి శక్తియే కలదేని, అది ఎవరి పక్షమున నిలిచినదని అడుగు హక్కు ప్రజలకు కలదు.