చదరంగ వీరుడు మీర్ సుల్తాన్ ఖాన్

చదరంగం అనగానే మన హాస్టల్ తమ్ముళ్ళకు విశ్వనాథన్ ఆనంద్ గుర్తుకు వస్తారు. మన తెలుగువాళ్ళలో అయితే కోనేరు హంపి, పెంటేల హరికృష్ణ. ఆనంద్ 1988లో భారతదేశపు మొట్టమొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అంతకు దాదాపు అరవై ఏళ్ళ ముందే, మన దేశం తెల్లవాళ్ళ పాలనలో ఉన్న రోజుల్లోనే, ఒక పంజాబు పల్లెటూరి మనిషి ఇంగ్లండు వెళ్ళి అక్కడి జాతీయ ఛాంపియన్‌షిప్‌ను మూడుసార్లు గెలిచారు. ఆయనే మీర్ సుల్తాన్ ఖాన్.

అంబేద్కర్, ఫూలే, జాషువా గార్ల జీవితాలు హాస్టల్ సంచికల్లో ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, రావాలి కూడా. ఈసారి ఒక ఆటగాడి గురించి రాద్దామని మేము అనుకున్నాం. రాత్రి స్టడీ అవర్ అయ్యాక చెస్ బోర్డు చుట్టూ గుమిగూడే తమ్ముళ్ళను చూసే ఈ ఆలోచన వచ్చింది.

సుల్తాన్ ఖాన్ 1903లో మిఠా తివానా అనే గ్రామంలో జన్మించారు. పాత పుస్తకాల్లో 1905 అని ఉంటుంది. సర్గోధా ప్రాంతంలోని ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి నిజాముద్దీన్ గారు మతపెద్ద. ఆయన దగ్గరే సుమారు తొమ్మిదేళ్ళ వయసులో సుల్తాన్ చదరంగం నేర్చుకున్నారు. అయితే అది మనం ఇప్పుడు టోర్నమెంట్లలో చూసే చదరంగం కాదు, దేశవాళీ చదరంగం. ఇక్కడ కొంచెం ఆగి ఆ ఆట సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఆయన బలమూ, బలహీనతా రెండూ అక్కడే పుట్టాయి.

దేశవాళీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది, రెండు గడులు దూకదు. రాజును ఏనుగు వెనక దాచి కోట కట్టే పద్ధతి లేదు. దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు చివరి గడికి చేరినప్పుడు మనకు నచ్చిన బలం తీసుకోవడానికి వీల్లేదు, ఆ గడిలో మొదట ఏ బలం ఉండేదో అదే రావాలి. ఊరికో తేడా ఉన్నా ఆట స్వభావం మాత్రం ఒక్కటే. రెండు పక్షాలూ వెంటనే తలపడవు. ఎవరి వ్యూహం వాళ్ళు నెమ్మదిగా పేర్చుకుంటారు. పోరు ఆలస్యంగా మొదలవుతుంది. తొందరపడినవాడు నష్టపోతాడు. అలాంటి ఆటలో పెరిగినవాడికి ఓర్పు వస్తుంది, బలాలన్నీ ఎక్కడ ఉంటే ఒకదానికొకటి అండగా ఉంటాయో తెలుస్తుంది. కానీ మొదటి పది ఎత్తుల్లోనే ప్రాణం మీదికి వచ్చే యూరప్ ఆట మాత్రం తెలియదు.

పంజాబులో పెద్ద జమీందారు అయిన సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా సుల్తాన్ ప్రతిభను గుర్తించారు. 1926 ప్రాంతంలో ఆయనను తన వద్ద ఉంచుకుని యూరప్ పద్ధతి చదరంగం నేర్పించారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1928లో ఢిల్లీలో జరిగిన అఖిల భారత పోటీలో సుల్తాన్ 9 ఆటల్లో 8 గెలిచి ఒకటి డ్రా చేశారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో జమీందారు గారి వెంట లండన్‌లో దిగారు.

లండన్‌లో మొదట ఆయన కోసమే ఒక చిన్న శిక్షణ పోటీ పెట్టారు. అందులో సుల్తాన్ అట్టడుగున నిలిచారు. ఓపెనింగులు ఆయనకు తెలియవు. అక్కడి ఆటగాళ్ళకు ఆ ఎత్తులన్నీ కంఠతా వచ్చు. తరతరాలుగా రాసి పెట్టుకున్న పుస్తకాలు ఉన్నాయి, క్లబ్బులు ఉన్నాయి, పత్రికలు ఉన్నాయి. ఈయనకు కొత్త నియమాలతో పరిచయమే మూడేళ్ళది. చలి పడలేదు, మలేరియా వదలలేదు. జలుబు, గొంతునొప్పి వస్తూనే ఉండేవి. మెడకు పట్టీ చుట్టుకుని ఆటకు కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి.

ఈ భాగం చదివినప్పుడు మాకు మా డిగ్రీ మొదటి సంవత్సరం గుర్తుకు వచ్చింది. క్లాసులో మిగతావాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారో తెలియదు గానీ సెమినార్ ఎలా మొదలుపెట్టాలో, లైబ్రరీలో ఏ పుస్తకం అడగాలో, సారుతో ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో వాళ్ళకు ముందే తెలుసు. అవి వాళ్ళ ఓపెనింగులు. మన ఇళ్ళల్లో మనకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు కాబట్టి అవి చెప్పేవాళ్ళూ లేరు. లెక్క మధ్యలోకి వచ్చాక మాత్రం మనం ఎవరికీ తీసిపోలేదు. సుల్తాన్ ఖాన్ పరిస్థితి సరిగ్గా అదే.

ఆ పోటీ తరువాత విలియం వింటర్, ఎఫ్.డి. యేట్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఆటగాళ్ళు ఆయనతో కూర్చుని సాధన చేయించారు. ఆ కొద్ది వారాల్లో ఎవరూ ఓపెనింగ్ పండితులు కాలేరు. మొదట్లోనే మునిగిపోకుండా మధ్య ఆట దాకా క్షేమంగా చేరితే చాలు, అక్కడినుంచి ఆయన చూసుకుంటారు. అదే జరిగింది. 1929 ఆగస్టులో రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌ను సుల్తాన్ ఖాన్ గెలుచుకున్నారు. ఏప్రిల్‌లో లండన్‌లో అడుగు పెట్టిన మనిషి ఆగస్టుకల్లా ఆ సామ్రాజ్యపు ఛాంపియన్.

ఆ ఏడాది చివర ఇండియాకు తిరిగి వచ్చి 1930 మేలో మళ్ళీ యూరప్ వెళ్ళారు. ఆ తరువాతి మూడేళ్ళే ఆయన అసలు చదరంగ జీవితం. లీజ్‌లో టార్టకోవర్ తరువాత రెండో స్థానం. 1930–31 హేస్టింగ్స్ పోటీలో యూవే, కాపాబ్లాంకాల తరువాత మూడో స్థానం. ఈ హేస్టింగ్స్‌లోనే ఆయన కాపాబ్లాంకాను ఓడించారు. కాపాబ్లాంకా అంటే 1921 నుంచి 1927 వరకు ప్రపంచ ఛాంపియన్, ఓడించడం అసాధ్యం అని పేరు పడ్డ మనిషి. ఆ ఆట 65 ఎత్తులు నడిచింది. అందులో మెరుపు దాడి ఏమీ లేదు. తెల్లబలాలతో సుల్తాన్ ఎదుటివాని బలాలకు కదలడానికి చోటు లేకుండా మెల్లమెల్లగా బిగించుకుంటూ పోయారు. దేశవాళీ ఆట నేర్పిన ఓర్పు ఇక్కడ పనికి వచ్చిందని మా అభిప్రాయం. ఆ తరువాత కాపాబ్లాంకాయే ఆయనను మేధావి అని మెచ్చుకున్నారు.

1931లో టార్టకోవర్‌తో 12 ఆటల మ్యాచ్‌లో నాలుగు గెలిచి, మూడు ఓడి, ఐదు డ్రా చేసి మ్యాచ్ దక్కించుకున్నారు. అదే సంవత్సరం ప్రేగ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండు జట్టుకు మొదటి బోర్డు మీద ఆడారు. ప్రతి దేశపు మేటి ఆటగాడే అక్కడ ఎదురవుతాడు. 17 ఆటల్లో 8 గెలుపులు, 7 డ్రాలు, ఓటములు రెండే. ఫ్లోర్, రూబిన్‌స్టీన్ ఓడిపోయారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖిన్‌తో డ్రా అయింది. 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ మళ్ళీ ఆయనకే వచ్చింది. 1933లో మహిళల బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచినది కూడా ఆ జమీందారు గారి పరివారంలోని ఫాతిమా అనే యువతి. ఆమె గురించి వేరే వ్యాసం రాయాలి.

ఓపెనింగుల బలహీనత పూర్తిగా పోయిందా అంటే పోలేదు. 1932లో ఫ్లోర్‌తో ఆరు ఆటల మ్యాచ్‌ను ఒక్క పాయింటు తేడాతో పోగొట్టుకున్నారు. 1933 ఫోక్‌స్టోన్ ఒలింపియాడ్‌లో నాలుగు గెలుపులకు నాలుగు ఓటములు వచ్చాయి. అయినా చివరిదాకా లాగగలిగిన ఆటలో ఆయనను మించినవాళ్ళు ఆ కాలంలో కొద్దిమందే. ఆడేటప్పుడు ముఖంలో ఏ భావమూ కనిపించేది కాదట. గెలుస్తున్నారో ఓడుతున్నారో ఎదుటివాడికి అంతుపట్టేది కాదు.

ఇక ఆయన గురించి ప్రచారంలో ఉన్న కథ ఒకటి చెప్పాలి. చదువురాని ఒక నౌకరు మహామహులను ఓడించాడు అనేది ఆ కథ. పత్రికలూ పుస్తకాలూ దాన్నే తిప్పి తిప్పి రాశాయి. అమెరికా ఆటగాడు రూబెన్ ఫైన్, తమ జట్టును 1933లో జమీందారు గారు ఇంటికి పిలిచినప్పుడు సుల్తాన్ ఖానే తమకు వడ్డించారని తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అయితే 2020లో ఆయన మనుమరాలు ఈ కథను ఖండిస్తూ వ్యాసం రాశారు. తమది భూములున్న, గౌరవం కలిగిన కుటుంబమనీ, తాతగారు నిరక్షరాస్యుడు కారనీ, నౌకరు అన్న మాట తప్పనీ ఆమె వాదం.

ఏది ఎంత నిజమో తేల్చడం మా పని కాదు. కానీ ఒకటి మాత్రం మాకు బాగా తగిలింది. నౌకరు అయితే మాత్రం తప్పేముంది? కష్టం చేసుకుని బతికే ఇళ్ళనుంచే మనమూ వచ్చాం. అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఆయన బుర్రను పక్కన పెట్టి ఆయన బీదతనాన్నే వింతగా చూపించడంలో ఉంది. హాస్టల్ కుర్రాడికి ఫస్ట్ క్లాస్ వస్తే వాడు ఎలా చదివాడని అడిగేవాళ్ళు తక్కువ, వాళ్ళ నాన్న ఏం చేస్తాడని అడిగేవాళ్ళు ఎక్కువ. సుల్తాన్ ఖాన్‌కు ఓపెనింగులు రాకపోవడానికి కారణం చదువు లేకపోవడం కాదు, ఆ చదువు ఉన్నచోట ఆయన పుట్టకపోవడం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

1933 డిసెంబరులో జమీందారు గారితోపాటు సుల్తాన్ ఇండియాకు తిరిగి వచ్చేశారు. 1935లో ఖాదిల్కర్ అనే ఆటగాడితో పది ఆటలు ఆడి తొమ్మిది గెలిచి ఒకటి డ్రా చేశారు. దాంతో ఆయన చదరంగం దాదాపు ముగిసినట్టే. వయసు ముప్పై దాటి రెండేళ్ళే. ఈ రోజుల్లో అయితే స్పాన్సరు పోతే మరొకరు వస్తారు, రైల్వేలోనో బ్యాంకులోనో క్రీడాకారుల కోటాలో ఉద్యోగం వస్తుంది. అప్పుడు అటువంటిదేమీ లేదు. యూరప్‌కు తీసుకువెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకువస్తే రావలసిందే. ఎవరి దయ మీదో ఎదిగినవాని కష్టం ఎలా ఉంటుందో ఇక్కడ కనిపిస్తుంది. 1944లో సర్ ఉమర్ మరణించారు. 1947లో దేశం రెండైంది. సుల్తాన్ తన పొలం చూసుకుంటూ సర్గోధా ప్రాంతంలోనే ఉండిపోయారు. పిల్లలకు మాత్రం చదరంగం నేర్పలేదు. జీవితానికి ఇంకా పనికివచ్చేది ఏదైనా చేయమని వాళ్ళకు చెప్పేవారని కుటుంబంవారి మాట. 1966 ఏప్రిల్ 25న క్షయ వ్యాధితో మరణించారు.

ప్రపంచ చదరంగ సమాఖ్య 1950లో గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన ఓడించిన రూబిన్‌స్టీన్, ఫ్లోర్, టార్టకోవర్ ఆ మొదటి జాబితాలో ఉన్నారు. సుల్తాన్ ఖాన్ పేరు లేదు. ఆయన అప్పటికి బతికే ఉన్నారు. చివరకు 2024 ఫిబ్రవరిలో, చనిపోయిన 58 ఏళ్ళకు, సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

కాపాబ్లాంకాతో ఆడిన ఆ 65 ఎత్తులనూ ఒక చార్టు మీద రాసి మన రీడింగ్ రూములో తగిలిస్తున్నాం. ఎత్తులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి కింద తెలుగులో కూడా వివరం ఇచ్చాం: కె అంటే రాజు, క్యూ అంటే మంత్రి, ఆర్ అంటే ఏనుగు, బి అంటే శకటు, ఎన్ అంటే గుర్రం. అక్షరమేదీ లేకపోతే అది బంటు ఎత్తు. బోర్డు మీద పెట్టుకుని ఒక్కొక్క ఎత్తే ఆడి చూడండి. అర్థం కానిచోట సీనియర్లను అడగండి.