పూల వసారా చిత్రకారుడు క్లాడ్ మోనే

మా కెలమంగలం ప్రాంతంలో గులాబీ తోటల మధ్య పెరిగినవానికి పువ్వంటే మొదట జ్ఞాపకం వచ్చేది తూకం. తెల్లవారకముందే కోత, ఆపైన బుట్ట, బండి, ఆనాటి ధర. పువ్వును ఊరికే చూస్తూ కూర్చునే తీరిక మా ఇళ్లలో ఎవరికీ ఉండేది కాదు. రైల్వేలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక మిత్రుని ఇంట గోడకు వేలాడుతున్న పాత క్యాలెండరు బొమ్మ చూశాను. సముద్రపు టొడ్డున పైకప్పు లేని వసారా, దాని నిండా ఎర్రని, పసుపుపచ్చని పూలు, పైన రెపరెపలాడే రెండు జెండాలు, నీలి నీళ్ల మీద ఎన్నో పడవలు. ఈ బొమ్మ వేసినవాడు ఎంత నిశ్చింతగా బ్రతికినవాడో అనుకున్నాను. తరువాత అతని జీవితం చదివితే నా ఊహ పూర్తిగా తప్పని తేలింది.

క్లాడ్ మోనే 1840 నవంబరు 14వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. ఐదేళ్ల వయస్సులో కుటుంబం లహావ్ర్ అనే రేవుపట్టణానికి తరలిపోయింది. తండ్రి అడాల్ఫ్ అక్కడ బంధువుల వర్తకంలో చేరాడు. పిల్లవానికి బడికంటె సముద్రపు గట్టు ఇష్టం. ఊరి పెద్దమనుషుల వికట చిత్రాలు గీసి అమ్ముకొనేవాడు. వాటిని చూసిన బూదాన్ అనే చిత్రకారుడు కుర్రవానిని వెంటబెట్టుకొని ఆరుబయటికి తీసుకుపోయి, ఆకాశాన్నీ నీటినీ ఎదుట పెట్టుకొని రంగు వెయ్యడం నేర్పాడు. 1857లో తల్లి పోయింది. మేనత్త లకాద్ర్ గారు చేరదీసి ఆదుకున్నారు.

ఆరుబయట తైలవర్ణాలు వెయ్యడం అంతకు ముందు తరంవారికి సులభం కాదు. అవిసె నూనెలో నూరిన రంగులను పంది మూత్రాశయపు తిత్తులలో కట్టి దాచుకొనేవారు. ఒకసారి తిత్తికి చిల్లు పొడిచాక రంగు ఎంతోకాలం నిలవదు. 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ రాండ్ తగరపు గొట్టం కనిపెట్టాడు. మూత బిగిస్తే చాలు, రంగును జేబులో వేసుకొని ఎక్కడికైనా పోవచ్చు. ఇంత చిన్న వస్తువు ఇంత పని చేసింది సుమండీ!

పారిస్‌లో మోనేకు రెన్వార్, బజీల్ మొదలైన స్నేహితులు దొరికారు. కమీల్ అనే యువతి అతని చిత్రాలకు నమూనాగా నిలిచింది, క్రమంగా జీవితంలోకీ వచ్చింది. 1866లో ఆమెను తోటలో నిలబెట్టి రెండున్నర మీటర్ల ఎత్తు చిత్రం ప్రారంభించాడు. పైభాగం అందక నేలలో కందకం తవ్వించి, గిలకల సాయంతో చిత్రాన్ని అందులోకి దించుకొని రంగు వేశాడట! మరుసటి ఏడు ప్రభుత్వ ప్రదర్శనశాలవారు దాన్ని తిరస్కరించారు. స్నేహధర్మంగా బజీల్ 2,500 ఫ్రాంకులకు కొన్నాడు. నెలకు 50 ఫ్రాంకుల చొప్పున వాయిదాలు! అంటే 50 నెలలు. బజీల్ మాత్రం పాపం 1870 యుద్ధంలో నేలకొరిగాడు.

1867 వేసవి వచ్చేసరికి కమీల్ నిండు గర్భిణి. చేతిలో దమ్మిడీ లేదు. ఆమెను వదిలివెయ్యమన్నది తండ్రి సలహా, అలా అయితే మేనత్త ఇంట ఆశ్రయం ఉంటుందన్నాడు. మోనే ఆమెను పారిస్‌లో ఉంచి, తాను సెంతాద్రెస్ గ్రామంలో సముద్రపు గట్టున ఉన్న మేనత్త ఇంటికి చేరాడు. అక్కడినుంచే బజీల్‌కు జాబు మీద జాబు వ్రాసి ఆమెకోసం డబ్బు అడిగాడు. జూలైలో కళ్లు మసకబారితే వైద్యుడు ఆరుబయట పని మానుకోమన్నాడు. ఆగస్టు 8న పారిస్‌లో కొడుకు జన్మించాడు, జాన్ అని పేరు పెట్టారు. నాకు క్యాలెండరు మీద కనిపించిన పూల వసారా ఆ వేసవిలో పుట్టినదే.

మేడ మీది కిటికీలోంచి కిందికి చూస్తున్నట్టుగా వేశాడు. వసారా, సముద్రం, ఆకాశం మూడు పట్టీలుగా ఒకదానిపై ఒకటి నిలిచాయి. జపాను దేశపు అచ్చుబొమ్మలలో అతడు మెచ్చిన పద్ధతి అది. ఆకుపచ్చ మధ్య ఎరుపు చుక్కలను కలపకుండా పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకొని, దూరం నుంచి చూసినప్పుడు పువ్వు వెలుగుతుంది. రంగులు రెంటినీ పళ్లెంలోనే కలిపివేస్తే మట్టిరంగు వచ్చేది. ముందువైపు కుర్చీలో టోపీ పెట్టుకొని సముద్రంవైపు చూస్తూ కూర్చున్నవాడు తండ్రి అడాల్ఫ్. ఖాళీ కుర్చీలు కూడా ఉన్నాయి. కమీల్ లేదు. పొరుగూళ్లలో ఉద్యోగాలు చేస్తూ ఊళ్లోని పెద్దలకూ ఇంట్లోని వారికీ మధ్య నలిగిన మనలో కొందరికి ఈ చిత్రం ఒకింత ఎక్కువే చెబుతుందని నా నమ్మకం.

1870 జూన్‌లో మోనే కమీల్‌ను వివాహమాడాడు. పెండ్లికి తండ్రి రాలేదు, మరుసటి జనవరిలో కన్నుమూశాడు. యుద్ధంనాడు లండన్‌కు పోయి తలదాచుకున్నాడు. లహావ్ర్ రేవులో సూర్యోదయాన్ని చూసి వేసిన చిత్రాన్ని 1874లో ప్రదర్శిస్తే, దాని పేరు పట్టుకొని ఒక విమర్శకుడు వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే ఇంప్రెషనిజం అన్న పేరుగా స్థిరపడింది.

1877లో పారిస్‌లోని సెన్ లజార్ రైల్వే స్టేషనులో కూర్చొని సుమారు పన్నెండు చిత్రాలు వేశాడు. బొగ్గింజన్ల కాలంలో పనిచేసిన మా పెద్దలకు ఆ పొగ అంటే కాలరు మీది మసి. మోనేకు అందులో నీలం, ఊదా, గులాబి కనిపించాయి. ఇది చదివిననాడు నాకు కొంచెం సిగ్గు వేసింది, ఒప్పుకుంటాను.

సెంతాద్రెస్ పూల వసారా 1879 వసంతంలో పారిస్ ప్రదర్శనకు వచ్చింది. ఆ సెప్టెంబరు 5న కమీల్ మరణించింది. ఆమెకు ముప్పై రెండేళ్లు. ప్రాణం పోయిన ముఖం మీద మారుతున్న రంగులను కూడా మోనే చిత్రించాడు. అది కఠినత్వమా, ప్రేమా అని చాలామంది వాదించారు. ఆమెను విడిచిపెట్టలేక చేసిన పనిగానే నాకు తోస్తుంది.

1883లో జివెర్నీ గ్రామంలో ఇల్లు అద్దెకు తీసుకొని, 1890లో కొన్నాడు. పూలతోట చివర రైలు పట్టాలు, పట్టాల అవతల 1893లో కొన్న నేలలో కలువ కొలను. ఒక తోటలోంచి రెండో తోటకు పోవాలంటే ఆ రోజుల్లో పట్టాలు దాటవలసి వచ్చేది! 1911లో రెండవ భార్య ఆలిస్, 1914లో కొడుకు జాన్ పోయారు. కంటిపొరలు కమ్మితే 1923లో శస్త్రచికిత్స చేయించుకొని మళ్లీ కుంచె పట్టాడు. మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు 1925లో ఇరవై ఏడేళ్లకే మశూచికంతో వెళ్లిపోతే, మోనేకు ఎనభై ఆరేళ్లు దక్కాయి. 1926 డిసెంబరు 5న కన్నుమూశాడు. జాతికి ఇచ్చిన పెద్ద కలువల చిత్రాలకు మరుసటి ఏడు పారిస్‌లో ప్రత్యేక మందిరం తెరిచారు.

పూల వసారాను 1967లో, వేసిన సరిగ్గా నూరేళ్లకు, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంవారు వేలంలో 14 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. జెండాలు గాలికి ఎగురుతున్నాయి. టోపీ పెద్దమనిషి సముద్రంకేసి చూస్తూనే ఉన్నాడు. పక్కన కుర్చీ ఖాళీ.