యల్లాప్రగడవారి తూకం

జంగారెడ్డిగూడెంలో తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు రసాయనశాస్త్రంతో ప్రమేయం స్వల్పమే. అయినా అణుభారం కట్టే లెక్క అంటే నాకొక ప్రీతి. కర్బనం 12, ఉదజని 1, నత్రజని 14, ఆమ్లజని 16, భాస్వరం 31. ఒక్కొక్క పరమాణువు భారాన్ని దాని సంఖ్యచేత హెచ్చించి కూడితే అణుభారం వస్తుంది. అన్ని గ్రాముల పదార్థమే ఒక మోల్. పరీక్షకు తప్ప దేనికీ కొరగాదని విద్యార్థులు విసుగుకొనే ఈ కూడికతోనే జీవరహస్యాలను తూచిన మహనీయులొకరు మన గోదావరి సీమలో పుట్టారు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి, మూడవమారు గట్టెక్కారు. (పరీక్ష తప్పినవారికి ఈ సంగతి చెప్పడం నాకు అలవాటు.) సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధికి బలియైనారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. మామగారి ద్రవ్యసహాయంతో, భార్య శేషగిరిగారిని ఇక్కడనే విడిచి, అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. మరల స్వదేశం చూడలేదు.

హార్వర్డులో ఫిస్క్ ఆచార్యునితో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి నొకదానిని ప్రకటించారు. మాలిబ్డేటు కలిపిన ద్రవంలో నీలివర్ణం ఎంత గాఢమైతే భాస్వరం అంత అధికమన్నమాట. కండరరసంలో మాత్రం ఆ నీలిమ ఆలస్యంగా చిక్కబడేది. మరొకరైతే పొరపాటనుకొని పారబోసి ఉందురు. ఏదో పదార్థం విడిపోతూ భాస్వరాన్ని కొద్దికొద్దిగా వదలుతున్నదని వీరు గ్రహించారు. దానిని వేరుచేసి తూచారు. క్రియాటిన్ అణుభారం 131. ప్రతి 131 పాళ్ల క్రియాటిన్‌కు 31 పాళ్ల భాస్వరం, అనగా అణువుకొక పరమాణువు. 131కి ఫాస్ఫారికామ్లపు 98 కలిపి, సంయోగంలో వెలువడే నీటి 18 తీసివేస్తే 211. అదే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిన్. కండరానికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో వేరుచేశారు. జర్మనీలో లోమాన్ కూడ అదే ఏట దానిని విడిగా కనుగొన్నాడు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కాలేయంలోని ఫోలికామ్లాన్ని అన్వేషించిన వీరి బృందం 1945లో దానిని కృత్రిమంగా నిర్మించింది. సోదరులను పొట్టనబెట్టుకొన్న వ్యాధికే అది ఔషధం! వారు పోయి అప్పటికి ఎన్నో ఏండ్లు.

ఫోలికామ్లంలో కర్బనం 19, ఉదజని 19, నత్రజని 7, ఆమ్లజని 6. కూడిచూడండి, 441. ఇందులో ఒక ఆమ్లజని, ఒక ఉదజని గల తునకను (17) తొలగించి, ఒక నత్రజని, రెండు ఉదజనులు గల తునకను (16) అమర్చితే 440. అది అమినాప్టెరిన్. తేడా ఒక్కటే, గుణం మాత్రం తలక్రిందులు. ఫోలికామ్లం రక్తకణాల వృద్ధికి ఆధారం. ఇది ఆ పనికి అడ్డుపడుతుంది. లెడర్లీ నుండి దీనిని పొందిన సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, కొందరికి తాత్కాలికంగానైనా వ్యాధి ఉపశమించినట్లు 1948లో ప్రకటించాడు. 440కి మరొక 14 చేరగా ఏర్పడిన మెథోట్రెక్సేటు నేటికీ వైద్యుల చేతిలో ఉన్నది.

ఆ 1948 ఆగస్టులోనే, 53 ఏండ్ల వయసున, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు.