పాటకు షష్టిపూర్తి

మనిషికి షష్టిపూర్తి చేస్తారు గానీ పాటకు చేస్తారా అని ఎవరైనా అడిగితే, నిక్షేపంగా చేస్తామనే మా నెల్లూరు మెట్టవాళ్ల జవాబు. 1966 డిసెంబరు 15న మద్రాసులో ఇరవై ఏళ్ల కుర్రాడొకడు మొదటిసారి సినిమా పాట కోసం మైకు ముందు నిలబడ్డాడు. సినిమా 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'. తోడుగా పాడినవాళ్లు పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య. ఎంత ధైర్యవంతుడికైనా గొంతు తడారిపోయే వరస అది! ఆ పాటకు 2026 డిసెంబరుతో అరవై ఏళ్లు నిండుతాయి. పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆరోజు ఏడవవలసినంత ఏడ్చాం. ఇప్పుడు దండ తెచ్చాం.

బాలు గారు 1946 జూన్ 4న పుట్టిన కోనేటమ్మపేట ఇప్పుడు తమిళనాడులో ఉంది. అంతమాత్రాన నెల్లూరు జిల్లా ఆయన్ని వదులుకుంటుందా? తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరులో పేరున్న హరికథా కళాకారులు. అక్కడ తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020 ఫిబ్రవరిలో బాలు గారు వేదపాఠశాల కోసం కంచి మఠానికి రాసిచ్చారు. మంచివాటిని బయటికి పంపడం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు లెండి. 1514లో ఉదయగిరి దుర్గాన్ని గెలిచిన కృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. మా బాలుణ్ణి మద్రాసు తీసుకెళ్లింది. గుడి ఆయనే కట్టుకున్నాడు, అదీ గురువు పేరు మీద.

ఆ గురువు కథ తెలియకపోతే బాలు గారు సగమే తెలిసినట్టు. మద్రాసులో జరిగిన పాటల పోటీలో ఆ కుర్రాడి గొంతు విని, సినిమాలో పాడిస్తానని మాటిచ్చి, నిలబెట్టుకున్న సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి. ఇంటిపేరు పొడి అక్షరాలు కలిశాయి గానీ చుట్టరికం లేదు. ఆ రోజుల్లో రికార్డింగ్ టేపు ఖరీదైన సరుకు. పని కాగానే చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. మొదటి పాట టేపును మాత్రం చెరపొద్దని కోదండపాణి గారు ఇంజనీరు స్వామినాథన్ గారిని అడిగారట. ఏడాదిపాటు దాన్ని అట్టేపెట్టించి, వచ్చిన సంగీత దర్శకులకల్లా వినిపించి, ఈ అబ్బాయికి పాటలివ్వండని చెప్పారట. ఈ సంగతి బాలు గారే ఎన్నో వేదికల మీద చెప్పుకున్నారు. తాను పాట ఇవ్వడం ఒక మేలు. పక్కవాళ్ల దగ్గర కూడా పాటలు ఇప్పించడానికి తిరగడం, పోటీ నిండిన ఆ రంగంలో, ఇంకో ఎత్తు. కోదండపాణి గారు 1974లో కన్నుమూశారు. తర్వాత బాలు గారు పెట్టిన రికార్డింగ్ స్టూడియో పేరు 'కోదండపాణి ఆడియో ల్యాబ్స్'.

'శంకరాభరణం' పాటలకు జాతీయ అవార్డు వచ్చిందని అందరికీ తెలుసు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఆయన చేత ఆ పాటలు సాధన చేయించినవారు సంగీత దర్శకుడు మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది. ఆయన పేరూ బాలు గారి నోట వింటేనే మనలో చాలామందికి తెలిసింది. ఆరు జాతీయ అవార్డులు, 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్, పోయాక 2021లో పద్మవిభూషణ్... ఈ జాబితా ఇక్కడితో ఆపుతాను, ఎక్కడైనా దొరుకుతుంది.

నాకు ఆయన అన్నిటికంటే పెద్దగా కనిపించింది గురువు కుర్చీలో. 1996లో ఈటీవీలో మొదలైన పాటల పోటీ 'పాడుతా తీయగా' మా వైపు ఇళ్లలో పాఠశాలలాగే నడిచింది. పిల్ల పాట ముగించగానే రచయిత ఎవరు, సంగీతం ఎవరిది అని చెప్పించేవారు. 'ళ' పలకాల్సిన చోట 'ల' పలికితే ఊరుకునేవారు కాదు. అయితే తప్పు చెప్పేముందు ఒప్పు చెప్పేవారు. ఆ పాట తను పాడినదే అయితే, ఫలానా చోట నేనూ సరిగా పాడలేదమ్మా అనేవారు. పద్నాలుగేళ్ల పిల్లకు అంతకంటే ధైర్యం ఏం కావాలి? ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ, కారుణ్య ఆ వేదిక మీంచి వచ్చినవాళ్లే. ఆయన తర్వాత కుమారుడు చరణ్ ఆ కార్యక్రమాన్ని నడుపుతున్నారు.

2016లో పాటకు యాభై ఏళ్లు నిండినప్పుడు సన్మానాలు అందుకోవాల్సిన మనిషి ఏం చేశారో గుర్తుందా? భార్యతో కలిసి యేసుదాసు గారికి పాదపూజ చేశారు. తన పండుగకు ఇంకొకరి కాళ్లు కడిగారు. చూసేవాళ్లకు ఆర్భాటంగా అనిపించిందేమో, నాకైతే అది ఆయన స్వభావమే.

కాబట్టి ఈ అరవయ్యో ఏట దండ ఎవరి మెడలో వేయాలో ఆయనే చూపించి పోయారు. ఆత్మకూరు పెళ్లి పందిళ్లలో, ఉదయగిరి కొండ కింద తిరునాళ్లలో, తెల్లారేదాకా బాలు పాటలు పాడి పొద్దున్నే అంగడి తెరుచుకునే గాయకులారా, మీకు అభినందనలు. అడిగిన పాటనల్లా శ్రుతి మార్చి వాయించే కీబోర్డు మాస్టార్లకూ, వాన పడినా మైకుసెట్టు దించని తమ్ముళ్లకూ అభినందనలు. తప్పు పాడిన పిల్లాణ్ణి పక్కకు పిలిచి సరిచేసే పెద్దలకు రెండు దండలు.

ఒక్క మనవి. డిసెంబరు 15న మీరు ఎక్కడ పాడినా, ముందు కోదండపాణి గారి స్వరంతో మొదలుపెట్టండి. 'దేవత' ఉంది, 'కథానాయిక మొల్ల' ఉంది, 'పండంటి కాపురం' ఉంది. రాసినవారి పేరు, స్వరం కట్టినవారి పేరు మైకులో చెప్పి మరీ పాడండి. ట్రాక్ దొరక్కపోతే హార్మోనియం మీదే కానివ్వండి. కూర్చోడానికి మేం ముందే వచ్చి ఉంటాం.